ఈ పట్టీ ఎటు లాగుతోంది?
పాత కార్లను ట్రైలర్ మీద కట్టి తీసుకెళ్లడంపై చేసిన ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతోందా? సరే.

ముందుగా ఈ పట్టీ చూడండి. మొదటి వరసలోకి ఇస్తున్నాను, చేతులు మార్చుకుంటూ వెనక్కి పంపండి. చూడటం కాదు, ఒక అంచు మీద వేలు పెట్టి మెల్లగా జరపండి. ఒకచోట గరుకుగా తగులుతుంది. కంటికి ఆనదు, వేలికే తెలుస్తుంది. గోరంత కూడా లేని కోత అది. ఆ పట్టీతో నేను ఒక కారును దాదాపు మూడు వందల కిలోమీటర్లు తీసుకెళ్లాను. కారు గలాయన నా వెనకే వేరే బండిలో వస్తున్నాడు. కారు దించేశాం, ఆయన సంతోషంగా ఇంటికి తీసుకుపోయాడు. తర్వాత పట్టీలు చుట్టి పెడుతుంటే ఈ కోత నా వేలికి తగిలింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారుకి గీత కూడా పడలేదు, అయినా నిద్ర పట్టలేదు. బయల్దేరే ముందు నేను ఆ అంచు తడిమి చూసి ఉంటే అప్పుడే తెలిసేది. తడమలేదు. ఆ పట్టీకి అప్పుడే కొక్కేలు కోసేశాను, మళ్లీ ఎవరూ పొరపాటున వాడకుండా. చూపించడానికి మాత్రమే దాచుకున్నాను.

పాత కారంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక్కో కారు వెనక ఎన్నేళ్ల పని ఉంటుందో ఇక్కడున్నవాళ్లందరికీ తెలుసు. రేకు పని, రంగు పని, దొరకని భాగం కోసం నెలల తరబడి వెతుకులాట. అంత చేసిన కారును ఏదో ఒక రోజు ట్రైలర్ ఎక్కించి నాలుగు పట్టీలకు అప్పగిస్తాం. ఆ నాలుగు పట్టీల గురించి ఎంతసేపు ఆలోచిస్తున్నాం? చాలామంది చేసేది నేను చూశాను. దొరికినచోట కొక్కెం తగిలిస్తారు, గట్టిగా బిగిస్తారు, కారును ఒకసారి చేత్తో ఊపి చూస్తారు. కదల్లేదు కదా, పదండి అంటారు.

చేత్తో ఊపితే కదలకపోవడం వేరు, బ్రేకు కొడితే కదలకపోవడం వేరు. ఆ రెండింటికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉంది. అందుకే ఈరోజు మీకు ఒకే ఒక్క ప్రశ్న అలవాటు చేయాలని వచ్చాను. ప్రతి పట్టీ దగ్గరా నిలబడి అడగండి: ఈ పట్టీ ఎటు లాగుతోంది? ఇది కారును ఎటు పోకుండా ఆపుతోంది? జవాబు రాకపోతే ఆ పట్టీ ఉన్నా లేనట్టే.

ఇప్పుడు మీరు చెప్పండి. దారిలో ఎవరో అడ్డం వచ్చారు, గట్టిగా బ్రేకు కొట్టారు. ట్రైలర్ మీద కారు ఎటు పోవాలని చూస్తుంది? ముందుకే, అవును. మరి దాన్ని ఆపే పట్టీలు ఏవి? ముందువా, వెనకవా? చేతులెత్తండి. ముందువి అన్నవాళ్లు? చూశారా, సగం మంది పైనే. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. కానీ ఆలోచించండి. ముందు పట్టీ కారును ముందుకు లాగి పట్టుకుంటుంది. కారే ముందుకు పోతుంటే ఆ పట్టీ ఏమవుతుంది? వదులవుతుంది. పట్టీ లాగగలదు గానీ నెట్టలేదు కదా! ముందుకు పోయే కారును ఆపేవి వెనక పట్టీలు. వెనక్కి లాగి పట్టుకునేవి. బ్రేకు భారం మొత్తం వాటిదే. ముందు పట్టీలు ఎప్పుడు పనిచేస్తాయి? ఎత్తు ఎక్కేటప్పుడు, బండి ఒక్కసారిగా ముందుకు ఉరికేటప్పుడు. అందుకే మంచి పట్టీ, కొత్త పట్టీ మీ దగ్గర రెండే ఉన్నాయనుకోండి, వాటిని వెనక్కి పెట్టండి.

ఎంత భారం? దీనికి లెక్క ఉంది. సరుకు కట్టడానికి యూరప్‌లో ఈఎన్ 12195 అని ఒక ప్రమాణం ఉంది. అమెరికాలో లారీలకు వేరే నిబంధన ఉంది. విడివిడిగా రాసుకున్నా రెండూ ఒకే అంకెల దగ్గర ఆగాయి. ముందుకు పోకుండా ఆపడానికి బరువులో 0.8 వంతు, వెనక్కి 0.5 వంతు, పక్కలకు 0.5 వంతు. మీ కారు 1,200 కిలోలు అనుకుందాం. ముందుకు ఆపాల్సింది 960 కిలోలు, పక్కకు 600 కిలోలు.

960ని రెండు వెనక పట్టీలకు పంచితే చెరో 480 అనుకుంటున్నారు కదూ? అక్కడే దెబ్బతింటాం. పట్టీ తిన్నగా వెనక్కి పోవడం లేదు. కారు నుంచి కిందికి దిగుతోంది, పక్కకీ వెళుతోంది. కిందికి 45 డిగ్రీలు, పక్కకి 45 డిగ్రీలు ఉందనుకోండి, ఆ పట్టీ బలంలో తిన్నగా వెనక్కి పనికొచ్చేది సగమే. మిగతాది కారును కిందికి నొక్కడానికీ, పక్కలకు పోకుండా ఆపడానికీ ఖర్చవుతుంది. అది వృథా కాదు, ఆ పనీ కావాలి. కానీ ముందుకు పోకుండా ఆపే లెక్కలో సగమే వస్తుంది. అంటే ఒక్కో పట్టీ మీద 480 కాదు, 960 కిలోలు పడుతుంది.

ఇప్పుడు పట్టీ మీద ఏం రాసి ఉందో చూడండి. రెండు అంగుళాల వెడల్పున్న మంచి రాట్చెట్ పట్టీ, అంటే పిడి ఆడించి బిగించే పట్టీ, దాని మీద 10,000 పౌండ్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అంటే 4,500 కిలోలు. అది ఏ అంకె? అది తెగే అంకె. అంత భారం పడితే తెగిపోతుందని అర్థం. మనకు కావాల్సింది దాని కింద చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది. పని భారం, అంటే పట్టీ మీద వేయదగిన భారం. సాధారణంగా తెగే భారంలో మూడో వంతు. ఈ పట్టీకి 1,500 కిలోలు. మనకు 960 కావాలి, 1,500 ఉంది, మనసు కుదుటపడుతుంది. అదే ఒక అంగుళం పట్టీ తెస్తే? దాని మీద 1,500 పౌండ్లు అని ఉంటుంది, అదీ తెగే అంకే. పని భారం 500 పౌండ్లు, దాదాపు 225 కిలోలు. దాంతో మోటార్‌సైకిల్ కట్టుకోండి, కారు కట్టొద్దు. చీటీ ఊడిపోయి ఏమీ కనపడని పట్టీ ఉంటే? పక్కన పడేయండి. దాని బలం ఎంతో ఎవరికీ తెలియదు.

ఇంకొకటి. కొక్కెం, పట్టీ, రాట్చెట్, ట్రైలర్ మీద రింగు, ఈ నాలుగూ ఒక గొలుసు. పట్టీ ఎంత గట్టిదైనా, రింగును చెక్క పలకకు రెండు స్క్రూలతో బిగించి ఉంటే ఏం లాభం? ఆ రింగు కింద వంగి చూడండి. బోల్టు ఇనప ఫ్రేము దాకా వెళ్లిందా లేదా? చెక్కలోనే ఆగిపోతే అది కారును పట్టే రింగు కాదు.

దేనికి కట్టాలి? చక్రానికా, ఒంటికా?

ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. కాస్త నిదానంగా చెబుతాను.

కారు ఒక్క ముక్క కాదు. రెండు ముక్కలు. నేల మీద ఉండేవి చక్రాలు, ఇరుసులు. వాటి మీద స్ప్రింగులపై తేలుతూ ఉండేది చాసిస్, అంటే కారు అడుగు చట్రం, దాని మీద బాడీ. పట్టీని చాసిస్‌కి తగిలించి కిందికి బిగించారనుకోండి, ఏమవుతుంది? స్ప్రింగులు అణిగి కారు కిందికి కూర్చుంటుంది. చూడ్డానికి భలే గట్టిగా ఉంటుంది. దారిలో గుంత వచ్చింది. ట్రైలర్ ఎగిరి పడింది. బాడీ ఇంకా కిందికి దిగింది. దిగిన ఆ క్షణం పట్టీ వదులు. మళ్లీ పైకి లేచింది, పట్టీకి ఒక్క కుదుపు. గుంతకో వదులు, గుంతకో కుదుపు. వందల గుంతలు. వదులైన ఆ ఒక్క క్షణంలో కొక్కెం రింగులోంచి పక్కకి తిరిగితే చాలు, ఊడొస్తుంది.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఒకసారి టీ కోసం ఆగి దిగి చూస్తే, ఎడమవైపు వెనక పట్టీ నేల మీద పాములా పడి ఉంది. తెగలేదు, రాట్చెట్ జారలేదు. కొక్కెం తనంతట తనే ఊడింది. నేను కట్టినప్పుడు వీణ తీగలా మోగిన పట్టీ అది. మిగిలిన మూడింటి మీద కారు నిలబడి ఉంది. ఎంత దూరం నుంచి అలా వచ్చిందో! ఆ రోజు నుంచి మూత లేని కొక్కెం నా ట్రైలర్ మీద వాడలేదు. నాలుక లాంటి స్ప్రింగు మూత ఉంటుంది చూడండి, పట్టీ వదులైనా రింగు బయటికి రాదు, అదే వాడతాను.

అందుకని నా మాట ఇది. వీలున్నంతవరకు చక్రాలను కట్టండి, ఒంటిని వదిలేయండి. చక్రాన్ని ట్రైలర్‌కి కట్టేస్తే చక్రం కదలదు, బాడీ దాని స్ప్రింగుల మీద అది ఊగుతుంది, రోడ్డు మీద వెళ్లేటప్పుడు ఊగినట్టే. పట్టీ బిగువు మారదు. టైరు మీదుగా వేసే పట్టీలు ఉంటాయి. జారకుండా వాటికి రబ్బరు దిమ్మలు ఉంటాయి. టైరు ముందున్న రింగు నుంచి టైరు మీదుగా వెనక రింగుకి. ఇది ముందుకూ వెనక్కూ రెండువైపులా ఆపుతుంది. రేకుకు ఆనదు, రంగుకు ఆనదు.

సిట్రోయెన్ డీఎస్ తెలుసు కదా మీకు? 1955లో వచ్చిన కారు. దానికి స్ప్రింగుల బదులు నూనె, వాయువు. ఇంజన్ ఆపి వదిలేస్తే కొంతసేపటికి మెల్లగా నేలకు కూర్చుండిపోతుంది. ఇప్పుడు చెప్పండి, దాని చాసిస్‌కి పట్టీ బిగించి బయల్దేరితే? అరగంటలో కారు కిందికి దిగుతుంది, నాలుగు పట్టీలూ ఉయ్యాల తాళ్లలా వేలాడతాయి. దాన్ని చక్రాలకే కట్టాలి. వెనక చక్రాలను పైనుంచి రెక్క, అంటే మడ్‌గార్డు, మూసేస్తుంది కదా అంటారా? ఆ కారుకి వెనక రెక్క ఒక్క బోల్టు విప్పితే వచ్చేస్తుంది. విప్పి, మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టుకోండి. పట్టీ వేయడం సులువవుతుంది, రెక్కకు రాపిడీ ఉండదు.

అన్ని కార్లకూ చక్రం మీదుగా కుదరదు. ఒప్పుకుంటాను. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య వేలు కూడా దూరని కార్లున్నాయి. అప్పుడు ఇరుసును పట్టుకోవాలి. వెనక గట్టి ఇరుసు ఉన్న కారైతే అదృష్టం. ఇరుసు చుట్టూ మెత్తటి తొడుగున్న పట్టీ వేసి దానికి రాట్చెట్ తగిలించండి. ఇరుసు కూడా స్ప్రింగుల కిందే ఉంటుంది కాబట్టి చక్రాన్ని కట్టినట్టే. కానీ వేసే ముందు టార్చి పట్టుకుని కిందికి దూరండి. ఇరుసు వెంబడి సన్నటి గొట్టం కనబడుతుంది, బ్రేకు నూనె గొట్టం. పక్కనే హ్యాండ్ బ్రేక్ తీగ. పట్టీ వాటిని నొక్కిందంటే కారు చేరుతుంది గానీ, దించాక బ్రేకు పడదు.

కొక్కెం ఎక్కడ తగిలించకూడదో కూడా చెబుతాను. బంపరుకు వద్దు. స్టీరింగ్ కడ్డీలకు అసలే వద్దు. అవి సన్నగా, చేతికి అందేలా ఉంటాయి, అందుకే అందరూ వాటికే తగిలిస్తారు. వంగితే కంటికి కనపడదు, కారు ఒకవైపు లాగుతుంది. సైలెన్సర్ గొట్టానికి వద్దు. తీగల చక్రాలుంటాయి చూడండి, పాత ఎంజీలకు, జాగ్వార్లకు, ఆ తీగల మధ్య నుంచి పట్టీ దూర్చొద్దు. ఫోర్డ్ మోడల్ టీ లాంటి చెక్క ఆకుల చక్రాలకైతే మరీ వద్దు. వందేళ్ల నాటి చెక్క, అటు లాగితే తట్టుకోదు. ఇక తుప్పు. పైన మెరిసే రంగున్నా కింద చాసిస్ బోలుగా ఉండొచ్చు. స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడండి. ఖంగుమంటే మంచిది. డొల్ల శబ్దం వస్తే అక్కడ తగిలించొద్దు.

పట్టీలను అడ్డంగా వేయాలా, తిన్నగా వేయాలా అని అడుగుతుంటారు. ఇరుసుకు కట్టినప్పుడు వెనక రెండింటినీ ఇంటూ గుర్తులా వేయండి. ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి. తిన్నగా వేస్తే పక్కకు ఎవరు పట్టుకుంటారు? మలుపు తిరిగేటప్పుడు 600 కిలోలు పక్కకు లాగుతుందని ఇందాక చెప్పాను కదా. అడ్డంగా వేసిన పట్టీ రెండు పనులూ చేస్తుంది. వేశాక ఒకదాన్నొకటి రాసుకోకుండా చూసుకోండి. పట్టీని పట్టీయే కోస్తుంది.

రాట్చెట్ బిగించడంలో ఒక చిన్న సంగతి. ముందు కొసను చేత్తో వీలున్నంత లాగేయండి, తర్వాతే పిడి ఆడించండి. కడ్డీ మీద రెండు మూడు చుట్లు పడితే చాలు. ఒక చుట్టు కూడా పూర్తిగా పడకపోతే జారుతుంది, చుట్లు మరీ ఎక్కువైతే ఉబ్బిపోయి ఇరుక్కుంటుంది. పిడికి పైపు తొడిగి బిగించేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. రాట్చెట్‌ను మనిషి చేతి బలానికి లెక్కేసి చేశారు. మిగిలిన కొసను గట్టిగా ముడివేసి దోపేయండి, గాలికి కొట్టుకుంటే కారు రంగు మీద కొరడాలా తగులుతుంది. పొడవుగా గాలిలో ఉండే పట్టీకి మధ్యలో ఒక్క మెలిక వేయండి. పలకలా ఉంటే గాలికి బుయ్యిమని వణుకుతుంది, ఆ వణుకుకే వదులవుతుంది. ఒక్క మెలిక ఉంటే ఆ వణుకు చచ్చిపోతుంది.

గేరు సంగతి. బిగించేటప్పుడు న్యూట్రల్‌లో ఉంచండి, హ్యాండ్ బ్రేక్ వదిలేయండి. కారు తనంతట తాను సర్దుకుని కూర్చోవాలి. నాలుగు పట్టీలూ బిగిశాక అప్పుడు గేరు వేయండి, హ్యాండ్ బ్రేక్ లాగండి. ఆటోమేటిక్ అయితే ఇది మరీ ముఖ్యం. ముందే పార్కు గేరులో పెట్టి పట్టీలు లాగితే ఆ బిగువంతా గేర్‌బాక్సులో వేలెడంత ఇనప నాలుక మీద పడుతుంది.

బరువు ఎక్కడ కూర్చుంది?

ఇంత బాగా కట్టాం. కానీ కారును ట్రైలర్ మీద తప్పు చోట నిలబెట్టి కట్టామనుకోండి, అప్పుడేమవుతుంది? కారు ట్రైలర్‌ని వదలదు. కారూ ట్రైలరూ కలిసి రోడ్డును వదిలేస్తాయి.

ట్రైలర్ వెనక బరువెక్కువైతే, అది లాగే బండి తోకను అటూ ఇటూ ఊపుతుంది. మొదట కొంచెం, తర్వాత ఇంకొంచెం. వేగం పెరిగేకొద్దీ ఊపు పెరుగుతుంది. అందుకే మొత్తం బరువులో, అంటే ట్రైలర్, కారు కలిపి, పదిలో ఒక వంతు నుంచి పదిహేను శాతం దాకా ముందు హిచ్ మీద, అంటే ట్రైలర్‌ని లాగే బండికి తగిలించే చోట, పడేలా చూస్తారు. అమెరికా వాడుక అది. యూరప్‌లో ఇంతకన్నా తక్కువ పెడతారు. మీ హిచ్ మీద, మీ బండి పుస్తకంలో ఒక పరిమితి రాసి ఉంటుంది, దాన్ని దాటొద్దు.

లెక్క చూడండి. కారు 1,200, ట్రైలర్ 600, మొత్తం 1,800 కిలోలు. పది శాతం అంటే 180 కిలోలు హిచ్ మీద పడాలి. ట్రైలర్ ఇరుసు నుంచి హిచ్‌కి నాలుగు మీటర్లు అనుకోండి. ఇప్పుడు కారును ఒక్క జానెడు, 20 సెంటీమీటర్లు, వెనక్కి జరిపితే హిచ్ మీద బరువు ఎంత తగ్గుతుంది? 1,200ని 0.2తో హెచ్చించి 4తో భాగించండి. 60 కిలోలు. 180 కాస్తా 120 అయిపోయింది. జానెడు దూరానికి! అందుకే ‘సుమారుగా మధ్యలో ఉందిలే’ అనే మాట ఇక్కడ చెల్లదు.

కొలవడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. మనుషులు బరువు చూసుకునే మామూలు తూకం చాలు. గట్టి దూలం ఒకటి తీసుకోండి. ఒక కొస ఇటుక మీద, ఇంకో కొస తూకం మీద. ఇటుక వైపు నుంచి మూడో వంతు దూరంలో హిచ్‌ను దూలం మీద ఆనించండి. తూకం చూపించేది అసలు బరువులో మూడో వంతు, మూడుతో హెచ్చించుకోండి. దూలం బరువు ముందే తీసేయడం మరిచిపోవద్దు. సరైన చోటు దొరికాక, ముందు చక్రాలు ఎక్కడ ఆగాయో ట్రైలర్ మీద రంగుతో గీత గీయండి. మళ్లీసారి అదే కారు ఎక్కిస్తే కొలిచే పని ఉండదు.

ఒకవేళ దారిలో ఊగడం మొదలైందా? బ్రేకు తొక్కొద్దు. భయంతో కాలు అటే పోతుంది, తెలుసు. తొక్కొద్దు. యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీయండి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి, ఊగినప్పుడల్లా ఎదురు తిప్పొద్దు. ట్రైలర్‌కి విడిగా చేత్తో వేసే ఎలక్ట్రిక్ బ్రేకు ఉంటే అది ఒక్కటే మెల్లగా వేయండి. తగ్గాక ఆగి, కారును ముందుకు జరపండి. ఇంకాస్త మెల్లగా పోదాంలే అని అలాగే పోవద్దు.

ఎక్కించడం గురించి త్వరగా చెబుతాను, సమయం అయిపోతోంది. ట్రైలర్ లాగే బండికి తగిలించి ఉండాలి, ఆ బండి హ్యాండ్ బ్రేక్ వేసి ఉండాలి, చక్రాలకు అడ్డు చెక్కలు ఉండాలి. ట్రైలర్ వెనక కొసల కింద గట్టి దిమ్మలు పెట్టండి. లేకపోతే కారు ముందు చక్రాలు ఎక్కగానే ట్రైలర్ వెనక దిగిపోయి లాగే బండి వెనక చక్రాలను పైకి లేపేస్తుంది, అప్పుడు హ్యాండ్ బ్రేక్ కూడా పట్టదు. పాత కార్లు కిందికి ఉంటాయి, ర్యాంపు పొడవుగా ఉండాలి. అర మీటరు ఎత్తుకు రెండు మీటర్ల ర్యాంపు అంటే పద్నాలుగు డిగ్రీల పైన, సైలెన్సర్ రాసుకుంటుంది. మూడు మీటర్లదైతే పది డిగ్రీల లోపే. వించ్‌తో, అంటే తాడు చుట్టి కారును పైకి లాగే యంత్రంతో, లాగేటప్పుడు ఆ తాడు దారిలో ఎవరూ నిలబడొద్దు, తాడు మీద బరువైన దుప్పటి ఒకటి వేయండి, తెగితే ఎగరకుండా. లోపల కూర్చున్నవాళ్లకు ఒక మాట ముందే చెప్పండి: ఇంజన్ ఆగి ఉంటే చాలా కార్లకు బ్రేకు రాయిలా ఉంటుంది, రెండు కాళ్లతో తొక్కాలి. ఎక్కాక వించ్ తాడు అలాగే ఉంచండి, కానీ దాన్ని ఐదో పట్టీగా లెక్కేయకండి. వించ్ లాగడానికి, పట్టుకోవడానికి కాదు.

తెరిచి ఉండే ట్రైలర్ మీద కారుకి గుడ్డ కవరు వేయొద్దు. ప్రేమతోనే వేస్తారు, నాకు తెలుసు. కానీ గాలికి ఆ గుడ్డ కొట్టుకుంటుంది, లోపలికి దుమ్ము చేరుతుంది, గంటల తరబడి గరుకు కాగితంతో రుద్దినట్టే. ఒక నల్ల కారు బానెట్ అంచున అరచెయ్యంత మేర మెరుపు పోయి పాలు ఒలికినట్టు తెల్లబారి ఉండటం చూశాను. ఏమిటిది అంటే, కవరు. దుమ్ము పడితే కడుక్కోవచ్చు. కవరు తీసేయండి.

బయల్దేరాక పది, పదిహేను కిలోమీటర్లకే ఆగండి. పట్టీలు సాగుతాయి, టైర్లు సర్దుకుంటాయి. దిగి నాలుగింటినీ చేత్తో తట్టండి. అమెరికాలో లారీవాళ్లకు మొదటి 80 కిలోమీటర్ల లోపు ఒకసారి, తర్వాత మూడు గంటలకో 240 కిలోమీటర్లకో, ఏది ముందైతే అప్పుడు, సరుకు చూసుకోవాలని నిబంధన ఉంది. రోజూ అదే పనిలో ఉన్నవాళ్లకే అంత నియమం పెట్టారంటే, ఏడాదికి రెండుసార్లు కట్టే మనం ఇంకా ఎక్కువసార్లు ఆగాలి. ఆగినప్పుడు ట్రైలర్ టైరు మీద చేయి కూడా పెట్టి చూడండి, ఒకటి మిగతావాటి కన్నా వేడిగా ఉంటే ఏదో పట్టేస్తోంది. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైంది. ట్రైలర్ టైర్లు అరిగిపోయి పాడవ్వవు, నిలబడి నిలబడి పాడవుతాయి. గాట్లు చూసి బాగుందనుకోవద్దు, ఆ నాలుగు అంకెలు చూడండి.

ప్రశ్నలు ఉన్నాయా? చెప్పండమ్మా.

బీటిల్‌ను ఎటు తిప్పి ఎక్కించాలనా? మంచి ప్రశ్న. వోక్స్‌వాగన్ బీటిల్‌కి ఇంజన్ వెనక ఉంటుంది. మామూలుగా ముందుకు తిప్పి ఎక్కిస్తే బరువంతా ట్రైలర్ వెనక పడుతుంది. దాన్ని వీలైతే ఇంకా ముందుకు జరపాలి, చోటు చాలకపోతే వెనక్కి తిప్పి ఎక్కించాలి. కానీ వెనక్కి తిప్పారంటే గాలి ఎటు నుంచి వస్తుంది? కారు వెనక నుంచి. ఆ ఇంజన్ మూత పైన కీలు, కింద గొళ్లెం. కింది అంచు నుంచి గాలి దూరుతుంది. గొళ్లెం వదులైందా, మూత లేచిపోతుంది. ఓపెన్ టాప్ కారైతే గుడ్డ పైకప్పును కూడా వెనక నుంచి గాలి ఊదేస్తుంది. వెనక్కి తిప్పి కట్టిన ఏ కారుకైనా మూతలూ తలుపులూ అన్నీ ఒకసారి చూసుకోండి. అద్దాలు పూర్తిగా ఎత్తండి. ముందుకు తిప్పి కడితే, జాగ్వార్ ఈ-టైప్ బానెట్‌కు ముందువైపు కీలు కాబట్టి గాలి దాన్ని మూసే ఉంచుతుంది, అదే వెనక్కి తిప్పితే తెరవాలని చూస్తుంది. ఎటు కీలుందో చూడండి, జవాబు అక్కడే దొరుకుతుంది.

ఆ వెనక బాబూ? దించేటప్పుడు ఏం చేయాలనా? అవును, అది చెప్పకుండానే ముగించబోయాను. దించేటప్పుడు ముందు వించ్ తాడు బిగించండి, చక్రాల వెనక అడ్డు చెక్కలు పెట్టండి, హ్యాండ్ బ్రేక్ ఉందో లేదో చూడండి. తర్వాతే పట్టీలు. దారిలో కారు కొంచెం జరిగి ఉండొచ్చు, చివరి పట్టీ వదలగానే ర్యాంపు వైపు దొర్లొచ్చు. రాట్చెట్ వదిలేటప్పుడు ముఖం దగ్గరగా పెట్టొద్దు, పిడి ఒక్కసారిగా తిరుగుతుంది. అందరూ కారు పక్కన ఉండాలి, వెనక ఎవరూ ఉండకూడదు. పిల్లలు కారు దిగుతోందని వెనక్కే పరిగెత్తుకొస్తారు, వాళ్లను ముందే పట్టుకోండి.

ఆ కోత పడిన పట్టీ ఎక్కడుంది? చివరి వరసకు చేరిందా? దొరికిందా అందరికీ ఆ చోటు? సరే, ఇటు పంపండి. ఇప్పుడు అందరూ బయటికి రండి. ట్రైలర్ మీద కారు కట్టి ఉంచాను. నాలుగు పట్టీల్లో ఒకదాన్ని కావాలనే తప్పుగా కట్టాను. నన్ను అడగొద్దు, ఒక్కో పట్టీ దగ్గరా ఆగి, అది ఎటు లాగుతోందో చూసుకుంటూ రండి.